ఆరోదిగా అడిగిన వంతెన

మా ఊరి వాగు మీదికి రావలసిన వంతెనను కొన్ని సోలారు దీపాలకు, ఒక నీళ్ల ఫిల్టరుకు, ఒక బస్సు షెల్టరుకు, బడి గోడల మీద రంగుకు మార్చేసిన మనిషిని నేనే. ఇంత పెద్ద బేరం మా వంశంలో ఎవరూ చేయలేదు. మా తాత పశువుల దాణా అమ్మాడు. మా నాన్న మిర్చి అమ్మాడు. మా మేనత్త గాజులు అమ్మి కల్లూరులో డాబా వేసింది. వంతెన అమ్మింది మాత్రం నేనొక్కదాన్నే. అదీ ఇంకా కట్టని వంతెన. నిండు సభలో, మైకు పట్టుకుని, చప్పట్ల మధ్య అమ్మాను.

మాది కల్లూరు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. సెలవుల్లో నాన్న వెంట ఖమ్మం మార్కెట్ యార్డుకు పోయేదాన్ని. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ, బస్తాల మీద కూర్చుని పెద్దవాళ్ల చేతులు చూసేదాన్ని. పాత వ్యాపారులు కొందరు అప్పటికీ తువ్వాల కిందే ధర మాట్లాడుకునేవారు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కుతూ అంకెలు చెప్పుకోవడం. పైన మొహాలు మాత్రం వానల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుతుండేవి. ఎవరికేం కావాలో మూడో మనిషికి తెలియదు.

“కావల్సింది ఒక్కటైతె పది అడగాలె బిడ్డా,” అనేవాడు నాన్న. “దాన్ని ముందు పెట్టొద్దు, ఆఖరికి పెట్టొద్దు. నడుమ పెట్టాలె. అవతలోడు కొట్టేసుకుంట కొట్టేసుకుంట వచ్చి, తానే గెలిచిన్ననుకోవాలె. నువ్వు మొఖం చిన్నగ చేసుకొని, నీ ఒక్కటి పట్టుకొని రావాలె.”

ఆ విద్యతో అత్తగారింటికి వచ్చాను. భద్రాచలం అడవి మొదలయ్యే చోట, వాగుకు ఇవతల మా ఊరు. మా ఆయన ట్రాలీ ఆటోలో ఖమ్మం నుంచి సరుకు తెస్తాడు, నేను కిరాణా కొట్టులో కూర్చుంటాను. కొట్టు గోడకు ఒక బోర్డు ఉండేది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ ఎర్ర రంగుతో నేనే రాశాను. పెళ్లయిన కొత్తలో నేను ఈ ఊరికి చెప్పిన మొదటి మాట అదే అనుకోవచ్చు.

ఊరికి ఎగువన, చెట్లు తగ్గిన చోట, ప్లాంటు ఉంది. పేరు అక్కర్లేదు, మేమంతా ప్లాంటు అనే అంటాం. అక్కడ కరెంటు పుట్టదు. అణు కరెంటు పుట్టించే చోట్లకు పోయే ప్రత్యేకమైన నీరు తయారవుతుంది. ఆ నీరు తయారు కావాలంటే విషవాయువు ఒకటి గొట్టాల్లో తిరుగుతుండాలి. అది బయటికి రాకుండా చూసుకునేవాళ్లు లోపల ఉన్నారు. వస్తే ఏం చేయాలో మాకు చెప్పడానికి ఇంటింటికీ ఒక బొమ్మల కాగితం ఇచ్చారు. నేను దాన్ని పంచాంగం పక్కనే తగిలించాను. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, వాసన ఆగిపోయిందని ధైర్యపడవద్దు, ఎక్కువైతే ముక్కుకు అది తెలియదు. తడిగుడ్డ మొహానికి కట్టుకోవాలి. ఆ వాయువు గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది, పల్లంలో నిలబడవద్దు. సైరన్ మోగితే బస్సు వచ్చి తీసుకుపోతుంది.

బస్సు రావలసిన దారి ఒక్కటే. అది నేరుగా పల్లంలోకి దిగి, వాగు అడుగున పరిచిన సిమెంటు చప్టా మీదుగా పోతుంది. వానాకాలంలో ఆ చప్టా మీద నడుముల్లోతు నీళ్లు పారుతాయి.

ఇన్నేళ్లూ మేం దాన్ని పట్టించుకోలేదు. ప్లాంటు లైసెన్సు గడువు ముగుస్తోందని, పొడిగించే ముందు చుట్టుపక్కల ఊళ్ల మాట వింటారని దండోరా వేసినప్పుడు, దాన్ని మొదట పట్టించుకున్నది గూడెం వదిన. మా ఇద్దరికీ వరస ఏమీ లేదు. అడవి నుంచి చింతపండు, ఇప్పపూలు, చీపుర్లు తెచ్చి నాకు అమ్ముతుంది. ఇంట్లో కోయ మాట్లాడుతుంది, నాతో తెలుగులో పోట్లాడుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, వెదురుకర్ర ఊతంతో నడుస్తుంది. నాలుకకు మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు.

“వదినె, సైరన్ మోగితె మీరంత ఉరుకుతరు. నేనెట్ల ఉరకాలె?” అంది, చింతపండు బుట్ట దించి.

“బస్సు వస్తదట గదా.”

“బస్సు వాగు అవతల ఆగుతది. వానకాలం ఎన్నడన్న ఇవతలికి వచ్చిందా? గా నీళ్లల్ల నన్నెవరు మోస్తరు, మీ ఆయననా?”

“మా ఆయన బియ్యం బస్తానే మొయ్యడు.”

“గందుకే. లైసెన్సు ఇయ్యాల్నంటె బ్రిజ్జి కట్టుమని అడుగుండ్రి. గిప్పుడు వాళ్లకు మనతోని పనున్నది. పనైపోయినంక మన మొఖం ఎవరు చూస్తరు?”

ఊరంతా ఆ మాటకు సరే అంది. మాట్లాడే మనిషి ఎవరంటే అందరూ నా వైపు చూశారు. బేరం నాకే కదా వచ్చు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పను. నాన్న చెప్పిన లెక్క ప్రకారం పది కోరికలు కూర్చాను. నాలుగు వెనకా, అయిదు ముందూ ఉండేలా వంతెనను ఆరోదిగా పెట్టాను. సభకు ముందురోజు గూడెం వదినకు గొప్పగా చెప్పాను.

ఆమె కర్ర గోడకు ఆనించింది. “ఆకలైతె అన్నం అడుగుతరు గాని, అంగడంత అడుగుతరా?”

“నీకు తెల్వదు వదినె. బ్రిజ్జి ఒక్కటే అడిగితె, మనకు అదే గావాల్నని తెలుస్తది. ధర పెంచుతరు.”

“తెలిస్తె ఏమైతది? తెల్వాల్నని గదా అడిగేది?”

దుకాణం సూక్ష్మం అడవి మనిషికి ఎలా చెప్పాలా అని నాలో నేను నవ్వుకున్నాను.

సభ ప్లాంటు వాళ్ల మైదానంలో జరిగింది. షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, కుర్చీలకు తెల్ల గుడ్డలు. పెద్దవాళ్లు వరసగా కూర్చున్నారు. ప్లాంటు తరఫున ఊళ్ల సంగతులు చూసే అధికారి ఒకాయన మధ్యలో నిలబడి ఎంతో మర్యాదగా వింటున్నాడు. నేను మైకులో ఒక్కొక్కటే చెప్పాను. దీపాలు. మంచినీళ్ల ఫిల్టరు. షెల్టరు. బడికి రంగు. దవాఖానాకు మంచాలు. ఆ తర్వాత, కొట్టులో బిల్లు చివర అగ్గిపెట్టె కలిపినంత తేలిగ్గా, “వాగు మీద బ్రిడ్జి” అన్నాను. వెంటనే ఏడోదానికి పోయాను. దాని దగ్గర నా గొంతు కొంచెం పెద్దది కూడా చేశాను.

అధికారి నవ్వాడు. కొట్టేసుకుంటూ వస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ఒక్కటీ కొట్టేయలేదు.

“అమ్మగారు అడిగినవి చాలా న్యాయమైన కోరికలు. తొమ్మిదీ మా చేతిలో పనులే, వెంటనే మొదలుపెడతాం. ఆ ఆరోది మాత్రం రోడ్ల శాఖ వాళ్లది. మేం వాళ్లకు తెలియజేస్తాం. సంతోషమేనా అమ్మా?”

షామియానా అంతా చప్పట్లు. మా ఊరివాళ్లే ముందు కొట్టారు. పదిలో తొమ్మిది వస్తే ఎవరు కొట్టరు? నా చేతులు కూడా వాటంతటవే కొట్టాయి. నోరు కూడా దాని అలవాటున అది అనేసింది. “సంతోషం సార్.”

ఆ ఒక్క మాట మా ఊరి సమ్మతిగా రాసుకున్నారు. మేం మజ్జిగ తాగి ఇంటికి వచ్చాం.

నాన్న విద్యలో ఒక లొసుగు ఉంది. అవతలివాడికి డబ్బు మీదే ఆశ ఉన్నప్పుడు అది పనిచేస్తుంది. అవతలివాడు ఏది ఇవ్వాలో తానే ఎంచుకోగలిగినప్పుడు, మనం దాచిపెట్టిన దాన్నే ముందు పక్కన పెడతాడు. తువ్వాల కింద దాచిన వేలు ఆ చప్పట్లలో ఊరికి కూడా కనపడలేదు, ఇక ఎవరు అడ్డుపడతారు?

సరుకు జల్దీగానే వచ్చింది, ఆ మాట అబద్ధం చెప్పను. నా కొట్టు ముందే ఒక సోలారు దీపం నిలబెట్టారు. గూడెం వదిన పొద్దుగూకాక దాని కింద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ అంది. “వెలుతురు మంచిగున్నది వదినె. వాగుల మునిగేటప్పుడు మొఖాలన్న కనపడ్తయి.”

“నీళ్లు కూడ మంచియి వస్తున్నయి గదా,” అన్నాను, ఓడిపోవడం ఇష్టం లేక.

“అవ్. మునిగే ముందు తాగుదాం.”

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. జోరుగా వాన. మొదట ఏదో లారీ హారన్ అనుకున్నాం. తర్వాత చర్చి పాస్టరు అయ్యగారు మైకులో “సైరనే, సైరనే, బయలుదేరండి” అని అరిచాడు. ఊరంతా ఉరికింది. నేను తడి చీరకొంగు మొహానికి చుట్టుకుని ఉరికాను. ఉరికే ముందు కొట్టుకు తాళం వేశాను. విషవాయువు వస్తుంటే తాళం వేసిన ఆడదాన్ని ఈ జిల్లాలో ఇంకొకదాన్ని చూపిస్తే నా గల్లాపెట్టె ఇచ్చేస్తాను.

వాగు దగ్గర ఆగిపోయాం. చప్టా ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఎర్రటి నీళ్లు కొమ్మల్నీ దుంగల్నీ మోసుకుపోతున్నాయి. వెనక్కి పోదామంటే సైరన్, ముందుకు పోదామంటే వాగు. ఏ పల్లంలో నిలబడవద్దని బొమ్మల కాగితం చెప్పిందో, సరిగ్గా ఆ పల్లంలోనే ఊరు ఊరంతా గుంపుగా నిలబడి ఉంది.

గూడెం వదిన అందరికన్నా ఆఖరున వచ్చింది. కర్ర బురదలో దిగబడుతుంటే పీక్కుంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా వచ్చింది. ఒడ్డున రాయి మీద కూర్చుని నా వైపు చూసింది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. కర్రకు అంటిన బురద గీక్కుంటూ కూర్చుంది.

కాసేపటికి పాస్టరుగారికి ఎవరో ఫోను చేసి చెప్పారు. సైరన్ పనిచేస్తోందో లేదో పరీక్షిస్తున్నారట. అందరూ నవ్వుకుంటూ తడిసిన బట్టలు పిండుకుంటూ ఇళ్లకు పోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మరుసటి ఎండాకాలం, తునికాకు కోతలకు ముందు, ఆ అధికారి మా కొట్టుకు వచ్చాడు. లైసెన్సు పొడిగించాలంటే మాక్ డ్రిల్ చేసి చూపాలట. ప్రమాదం జరిగిందనుకుని, సైరన్ మోగించి, ఊరిని బస్సుల్లో ఎక్కించి తీసుకుపోవాలి. “మీ మాట అందరూ వింటారు కదమ్మా, జనాన్ని మీరే పోగుచేయాలి,” అన్నాడు.

“బ్రిడ్జి సంగతేంటి సార్?”

ఆయన గోడ మీది బోర్డు వైపు చూశాడు. “అమ్మా, మా నాన్నది ఖమ్మంలో బట్టల కొట్టు. మా కొట్లో కూడా ఇదే బోర్డు ఉండేది. పది అడిగారు, తొమ్మిది పట్టుకెళ్లారు, సంతోషం అన్నారు. తెగిన బేరం మళ్లీ తెరుస్తారా?”

అప్పుడర్థమైంది, ఆ రోజు సభలో నా ఎదుట నిలబడ్డది కొట్టువాడి కొడుకని. ఆరోది వినగానే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగింది సరే, ఎదురుగా కూర్చున్నది కూడా పిల్లే.

ఆయన వెళ్లాక స్టూలు వేసుకుని బోర్డు పీకాను. అప్పుడే వచ్చిన గూడెం వదిన గుమ్మంలో ఆగింది.

“ఏంది, దుకాణం బందు పెడ్తున్నవా?”

“బోర్డు బందు.”

“మరి మొన్న నువ్విచ్చిన పుచ్చు కందిపప్పు వాపసు తెస్త.”

“తే. ఆ సార్ ఇచ్చినయి కూడ అన్ని వాపసు ఇచ్చేద్దాం. దీపాలు, ఫిల్టరు, అన్ని. ఆయనతోని బాకీ లేకుంట చేసుకొని అప్పుడు అడుగుదాం.”

ఆమె కర్రతో నేలను గట్టిగా పొడిచింది. “నీకేమన్న పిచ్చా? ఫిల్టరు వాపసిస్తె నీళ్లు నువ్వు మోస్తవా? మన నెత్తి మీద ప్లాంటు పెట్టుకొని కూసున్నరు, దీపాలిచ్చింది ఏమన్న దానమా? తీసుకున్నది తీసుకున్నదే. బ్రిజ్జి బ్రిజ్జే. నీ దుకాణం లెక్కలు నా కాలు మీదికి తేకు.”

నా జన్మలో నన్ను బేరంలో అంత శుభ్రంగా ఎవరూ ఓడించలేదు.

డ్రిల్ రోజున బస్సులు ఎండిన చప్టా మీదుగా దుమ్ము లేపుకుంటూ ఊళ్లోకి వచ్చాయి. పసుపుపచ్చ కోట్లు తొడుక్కున్నవాళ్లు దిగారు. సైరన్ మోగింది. మేమంతా నా కొట్టు ముందు చాపలు పరుచుకుని కూర్చున్నాం.

“ప్రమాదం జరిగిందనుకోండి! అందరూ బస్సు ఎక్కండి!” అని మైకు.

గూడెం వదిన కూర్చున్నచోటి నుంచే గొంతెత్తింది. “అనుకుంటం సారూ. ప్రమాదం అయిందనుకుంటం. వాన కూడ పడ్తున్నదనుకోండ్రి. వాగు వచ్చిందనుకోండ్రి. బస్సు అవతల్నే ఆగిందనుకోండ్రి. ఇగ మేం ఏది ఎక్కాలె?”

కోట్లవాళ్లలో ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. అధికారి నా దగ్గరికి వచ్చాడు. “ఇదేం పద్ధతమ్మా? అన్నీ తీసుకుని ఇప్పుడిలా కూర్చుంటే ఎలా?”

“తీసుకున్నాం సార్. బాగున్నాయి. కూర్చున్నాం కూడా.” నేను కొట్టు గోడ మీద బోర్డు పీకిన ఖాళీ చోటు చూపించాను. “మా కొట్లో ఇప్పుడు వాపసులు తీసుకుంటున్నాం. ఆ రోజు నేనన్న ‘సంతోషం’ వాపసు. వాగు వచ్చినప్పుడు రండి, డ్రిల్ చేస్తాం. ఒక్కరం కూడా తప్పించుకోం.”

“ఊరు మొత్తం ఇదే మాట మీద ఉందా?”

“అవ్!” అన్నారు నా వెనక. అంత గట్టిగా అంటారని నాకే తెలియదు. ఆ రోజు బస్సులు ఖాళీగా వెనక్కి పోయాయి. మా మీద కేసు పెడతారని, రేషను ఆపుతారని రకరకాల మాటలు వచ్చాయి. భయపడ్డాం. అయినా ఎవరూ వెళ్లి క్షమాపణ చెప్పలేదు.

డ్రిల్ లేకుండా వాళ్ల ఫైలు కదలలేదేమో, వానల్లో వాళ్లే వచ్చారు. వాగు నిండుగా ఉన్న రోజు. బస్సు అవతలి ఒడ్డున ఆగింది. అధికారి గొడుగు కింద నిలబడ్డాడు. సైరన్ మోగిందట. మాకు వాన, వాగు తప్ప ఏమీ వినిపించలేదు. ఊరంతా ఇవతలి ఒడ్డున, చెప్పిన మాట ప్రకారం, ఒక్కరూ తప్పకుండా నిలబడింది. గూడెం వదిన అందరికన్నా ముందు, నీళ్ల అంచున.

ఆయన ఏదో అరిచాడు, వినపడలేదు. నేను అరిచాను, ఆయనకు వినపడలేదు. చివరికి నా ఫోను మోగింది.

“ఏమంటున్నారమ్మా?”

“సార్, నేను బేరగత్తెను, మీకు తెలుసు. ఇవాళ బేరం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే. మాకు బ్రిడ్జి కావాలి.”

“చూస్తున్నానమ్మా. చూసింది చూసినట్టు రాస్తాను.”

“రాయడం తర్వాత. డ్రిల్ కదా, ముందు ఈమెను బస్సు ఎక్కించండి.”

గూడెం వదిన నా చేతిలో ఫోను లాక్కుంది. “సారూ, నేను తయారుగున్న. రాండ్రి, తీస్కపోండ్రి!”

అవతలి ఒడ్డున ఆ మనిషి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వాగును చూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఆయన వెళ్లేదాకా మేమూ కదల్లేదు.

ఇక బిల్లు. కలిపినవి కలిపినట్టు, తీసినవి తీసినట్టు చెబుతాను.

లైసెన్సు పొడిగించారు. మేం ఆపలేదు. ఆపాలని కూడా ఊరంతా అనుకోలేదు, అక్కడ పనిచేసే ఇళ్లు మాలోనూ ఉన్నాయి. వంతెన కట్టాలన్న షరతు మాత్రం అందులో పడింది. అది ఆ అధికారి రాతవల్లో, మేం కదలకపోవడంవల్లో నాకు తెలియదు, కాబట్టి నా ఖాతాలో వేసుకోను. వాగులో రెండు స్తంభాలు లేచాయి. వాటి మీద సిమెంటు పలక పడలేదు. స్తంభాల మీద కొంగలు వాలుతున్నాయి, మనుషులు దాటడం లేదు. పలక పడేదాకా ఇక ఏ ఎండాకాలమూ ఏ డ్రిల్ బస్సూ ఎక్కేది లేదని ఊరు చెప్పేసింది. పసుపు కోట్లవాళ్లు రావాలనుకుంటే గొడుగులు తెచ్చుకోవాలి.

దీపాల్లో సగం వెలుగుతున్నాయి. ఫిల్టరు బాగుంది. బడి రంగు పెచ్చులూడుతోంది. పుచ్చు కందిపప్పు వాపసు వచ్చింది, మార్చి ఇచ్చాను.

నా వైపు మిగిలింది ఇది. వాళ్లకు మాతో పనున్న ఆ ఒక్క రోజున, ఆ ఒక్క మాట మొదట అని ఉంటే, ఈపాటికి పలక పడి ఉండేదేమో. పడేది కాదేమో కూడా. ఆ సందేహాన్ని నాకు అనుకూలంగా వేసుకునే అలవాటు నాకుంది, ఈసారి వేసుకోవడం లేదు. గడిచిన వానాకాలాలన్నీ గూడెం వదిన వాగుకు ఇవతలే ఉంది. పైనుంచి ఏమీ రాలేదు. అది నా తెలివివల్ల కాదు, ఊరి ధైర్యంవల్ల కూడా కాదు, రాలేదు, అంతే. మళ్లీ వానలు మొదలయ్యాయి. ఆమె ఇప్పటికీ ఇవతలే ఉంది. అది నా పేరు మీది బాకీ. అందులో తగ్గింపు అడగను.